గాలయ్య మూల

మా పట్నంలో పెద్ద గుడి అంటే క్రైస్తవుల గుడి. బిషప్పు ఉండే గుడి. దాని మిద్దె మీద, గంట గోపురం వెనక, పడమటి వైపు ఒక మూల ఉంది. గాలయ్య మూల అంటారు. పొద్దుగూకాక ఆ మూల వైపు ఎవరూ తలెత్తి చూడరు.

చూసినవాళ్లు చెప్పేది మాత్రం ఒకటే. సాయంత్రం ఆరింటి గంట ఆగిన కాసేపటికి, పిట్టగోడ దగ్గర ఒక తెల్లటి ఆకారం చేతులు ముందుకు చాపి నిలబడుతుంది. అరవదు. కదలదు. కొంతసేపటికి... ఉండదు.

ఆ గోడ కింద మెహమూద్ చాయ్ హోటల్ ఉంది. మెహమూద్ తన బెంచీలన్నీ గుడికి వీపు పెట్టి కూర్చునేలా వేయించాడు. ఎందుకని అడిగితే, "గిరాకీ ఉండాలె గద సార్" అంటాడు.

ఊరి పేరు రాయను. గుడివాళ్లకు ఇబ్బంది.

నేను దెయ్యాలను నమ్మను. అరవై ఆరులో నల్లగొండలో బీయస్సీ పాసయినవాణ్ణి. తరువాత సర్వే డిపార్టుమెంటులో ముప్పై రెండేళ్లు పొలాలు కొలిచాను. రైతు చూపించే హద్దు వేరు, నక్షాలో హద్దు వేరు, భూమి మీద నిజంగా ఉండే హద్దు వేరు. అందుకే ఎవరేం చెప్పినా ముందు అనుమానిస్తాను. ఈ గుణం వల్ల నాకు స్నేహితులు తక్కువ. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం మానేసింది, నేను రెండోసారి రుచి చూస్తానని... సరే, అది ఇక్కడ అవసరం లేదు.

గాలయ్య సంగతి చెప్పాలి.

గాలయ్య సుతారి, అంటే తాపీ పనివాడు. డంగు సున్నం పనిలో అతని మాట పెద్ద మేస్త్రీలు కూడా వినేవారు. అరవై నాలుగులో గుడి పైఅంచు పగిలి, గోడల్లోకి నీళ్లు దిగుతుంటే బాగుచేయడానికి పిలిపించారు. నడుముకు తాడు కట్టుకుని పిట్టగోడ అవతల వేలాడుతూ పని చేసేవాడు. తాడు రెండో కొస పైన ఒక మనిషి చేతిలో ఉండేది. ఒకనాటి సాయంత్రం గాలయ్య పడిపోయాడు. అంత ఎత్తు నుంచి పడితే ఇంకేముంటుంది.

తాగి పడ్డాడన్నారు. గుడి దఫ్తరులో కూడా అదే రాశారు.

అతని కొడుకు లచ్చయ్యకు అప్పుడు ఏడేళ్లు. వాడూ సుతారి అయ్యాడు. కానీ ఏ ఇంటి గోడ లేపినా, "తాగి పడ్డ గాలయ్య కొడుకు" అనే పేరు వాడికంటే ముందు ఆ ఇంటికి చేరేది. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు వీడి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి వెళ్లారట. వాళ్లమ్మ పోయేటప్పుడు కూడా ఒకే మాట అన్నది. "మీ నాయిన మెడల తులసిపూసలుండె కొడుకా. కల్లు కుండ పక్కకెళ్లి గుడ నడువకపోతుండె."

అందుకే లచ్చయ్యకు యాభై ఏళ్లుగా ఒకటే అనుమానం. ఎవరో పైనుంచి నూకారు. గుడివాళ్లు దాచారు.

ఇక 2018లో గుడికి నూరేళ్ల పండుగ వచ్చింది. మిద్దె మీదికి జనాన్ని తీసుకుపోయి చూపించే కార్యక్రమం మొదలుపెట్టారు. తలకు పసుపుపచ్చ హెల్మెట్, నూట పన్నెండు మెట్లు, పైన గంట, గుమ్మటం, ఊరంతా కనపడే చోటు. చూపించే పిల్ల పేరు నవనీత. గంట కొట్టే ఇస్రాయేలు మనవరాలు. నేను పోలేదు, నా మోకాళ్లు ఇరవై మెట్లకే లెక్క తేల్చేస్తాయి. లచ్చయ్య పోయాడు. ఒకసారి కాదు — మూడుసార్లు.

మూడోసారి పోయివచ్చిన మర్నాడు పొద్దున మెహమూద్ హోటల్లో, చాయ్ చల్లారేదాకా చెప్పాడు. అది రాస్తున్నాను.

మొదటిసారి పోయినప్పుడు నవనీత అన్నీ చూపించింది. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నూరేవారని చెప్పింది. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు నలుగురు వచ్చారు ఆ రోజు. వాళ్లలో ఒకడు, "బెల్లమేస్తే గుడిని చీమలు తినలేదా మేడమ్?" అన్నాడు.

"తిన్నయేమో. నువ్వు పెద్ద చీమవు కదా, నాకి చూడు," అంది ఆ పిల్ల.

అందరూ నవ్వారు. లచ్చయ్య నవ్వలేదు. పడమటి మూలకు పోయే సందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టి ఉంది.

"అటు పోవద్దు పెద్దాయనా. నాచున్నది, జారుతది."

లచ్చయ్య చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, నేల మీద చెయ్యి రాశాడు. పొడిగా ఉంది. ఎండు నాచు కూడా లేదు.

రెండోసారి అడిగాడు. "బిడ్డా, అటేమున్నది?"

"ఏం లేదు. ఆరైతాంది, దిగుదాం నడువుండ్రి."

"ఆరైతే ఏమైతది?"

"గంట కొడ్తరు. దగ్గరుంటే చెవులు పోతయి."

మాట్లాడేటప్పుడు ఆ పిల్ల అతని మొహం చూడలేదు. ఆ మూల వైపూ చూడలేదు. చేతి గడియారం చూసుకుంది. అది చూసి లచ్చయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతమంది ఊళ్లోవాళ్లు భయపడేది వేరు, రోజూ పైకెక్కే పిల్ల భయపడేది వేరు... ఏదో ఉంది.

మూడోసారి కార్తీకమాసంలో పోయాడు. తొందరగా చీకటి పడే రోజులు. ఆ పిల్ల కిందికి దిగాక మనుషులను లెక్కపెట్టదు, హెల్మెట్లు లెక్కపెడుతుందని అప్పటికే కనిపెట్టాడు. దిగేముందు తన హెల్మెట్ తీసి, ముందున్న మనిషికి ఇచ్చాడు. "బాబూ, జర పట్టు, తల ఉబ్బరిస్తున్నది." అతను రెండు హెల్మెట్లతో దిగాడు. లచ్చయ్య గుమ్మటం వెనక నక్కాడు.

కింద తలుపుకు గడియ పడిన చప్పుడు వినిపించింది.

పావురాలు సర్దుకుంటున్నాయి. ఊళ్లో దీపాలు ఒకటొకటి వెలుగుతున్నాయి. ఎక్కడో మైకులో అయ్యప్ప భజన. లచ్చయ్య కుర్చీ పక్కకు జరిపి, ఆ మూలకు పోయాడు.

ఏమీ లేదు. పిట్టగోడ. గోడకు దిగ్గొట్టిన ఒక ఇనుప రింగు. అంతే.

ఫోన్ వెలుతురులో గోడ అంచు మీద చెయ్యి పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు.

సున్నం పని ఒకచోట తెగిపోయింది. దాని తరువాత అంతా సిమెంటు, ఎవరో వచ్చి మమ అనిపించిన పని. కానీ ఆ తెగిన దాకా... లచ్చయ్య ఇప్పటిదాకా నాకు చెప్పిన మాటల్లో నేను మరిచిపోనిది ఇదొక్కటే.

"దారం పట్టి గీసినట్టున్నది సారూ. ఎక్కడ గుడ వెంట్రుకంత వంకర లేదు. చివరి తాపీ దెబ్బ గుడ సక్కగ పడ్డది. తాగినోని చెయ్యి అట్ల నడుస్తదా? నేను నలభై ఏండ్ల సంది తాపీ పడ్తున్న, నాకే రాదు."

అప్పుడు గంట మోగింది.

మూడు దెబ్బలు. ఆగింది. మూడు. ఆగింది. మూడు. తరువాత వరసగా. మిద్దె కాళ్ల కింద వణికింది. పావురాలన్నీ ఒక్కసారి లేచి, చీకట్లో చుట్టు తిరిగి, మళ్లీ వాలాయి.

గంట ఆగింది. దాని మోత గోడల్లో ఇంకా సన్నగా తిరుగుతూనే ఉంది.

అడుగుల చప్పుడు. మెట్ల వైపు నుంచి కాదు... గోపురం లోపలి నుంచి. మెల్లగా. ఒక కాలు ఈడుస్తున్నట్టు.

లచ్చయ్య గోడకు అతుక్కుపోయాడు.

తెల్లటి ఆకారం. అతన్ని చూడకుండా, అతని పక్క నుంచే పోయి, రింగు దగ్గర వంగింది. ఏదో విప్పింది. తరువాత ఒక కాలు పిట్టగోడకు తన్నిపెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, వెనక్కి వాలి నిలబడింది.

అట్లా నిలబడడం లచ్చయ్యకు తెలుసు. సుతారి పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. అవతల మనిషి వేలాడుతుంటే, తాడు పట్టుకున్నవాడు నిలబడే తీరు అది.

తాడు ఉంది. అది ఆకారం చేతుల్లోంచి గోడ అంచు మీదుగా అవతలికి పోయింది. బిగిసి ఉంది.

"ఎవరది?" అన్నాడు లచ్చయ్య. గుసగుసగానే వినిపించింది.

"నవనీతా... నువ్వేనా? కిందికి పో బిడ్డా. ఇంకో జరసేపు."

ముసలి గొంతు. మనిషి గొంతు. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న ఇస్రాయేలు. గంట కొట్టే ఇస్రాయేలు.

యాభై నాలుగేళ్లుగా ఊరు భయపడ్డ దెయ్యం ఇతనా — అని నేను చాయ్ గ్లాసు దించి నవ్వబోయాను. లచ్చయ్య మొహం చూసి ఊరుకున్నాను.

"నవనీతను కాదు. గాలయ్య కొడుకును."

ముసలాయన తిరగలేదు. తాడు వదల్లేదు.

"ఎప్పుడన్న ఒకనాడు వస్తవనుకున్న," అన్నాడు.

"మా నాయినను నూకిందెవరు కాకా?"

"ఎవరు నూకలే."

"మరి తాగిండా?"

"శనివారముండె ఆ పొద్దు. ఉపాసమున్నడు. నీళ్లు గుడ ముట్టలే."

"మరి?"

"ఈ తాడు పట్టింది నేనే."

చీకట్లో మొహం కనిపించదు. గొంతు మాత్రం, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటలా, తడబడకుండా వచ్చిందట.

"మనిషి తక్కువైండని నన్ను పట్టుమన్నరు. ఇరవై ఏండ్లోన్ని. మీ నాయిన 'ఇడువు' అంటే జానెడు ఇడుస్త, 'పట్టు' అంటే పడ్త. అట్ల పొద్దంత పట్టిన. ఆరైంది. పన్నెండేండ్ల వయసు కెల్లి గంట కొడ్తున్న బిడ్డా, జరమొచ్చినా ఒక్క పూట తప్పలే. కాళ్లు వాటికవే లేచినయ్. పోయి గంట తాడు అందుకున్న. మూడు గొట్టిన. మల్ల మూడు గొట్టిన. చేతుల తాడున్నది గద... పట్టుకునే ఉన్న అనుకున్న. మనసుల ఏం లేదు. ఆఖరు దెబ్బ కొట్టి చేతులు చూసుకున్న. ఇది గా తాడు గాదు."

ముసలాయనే మళ్లీ చెప్పాడు.

"అప్పటి పెద్ద సామి ఉరికొచ్చిండు. తాగిండా అని నన్నడిగిండు. తల ఊపిన. ఒక్కసారే ఊపిన. గంతే రాసుకున్నరు."

ఇక్కడ లచ్చయ్య చాయ్ గ్లాసు పక్కకు నెట్టాడు. "అబద్ధమెందుకు సారూ. మెడ పట్టి నూకుదామనుకున్న. ఎవరు చూస్తరు? పొద్దుగాల ముసలోడు కాలు జారిండంటరు. అయిపాయె. రెండడుగులేసిన గుడ."

ఆ అడుగుల చప్పుడుకే ఇస్రాయేలుకు అర్థమైంది. అయినా పక్కకు జరగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

"నన్నేమన్న జేయి బిడ్డా," అన్నాడు. "ముందుగాల తాడు అందుకో."

"పిచ్చిలేసిందా కాకా? అవతల ఎవరున్నరు?"

"రోజూ గంట కొట్టినంక వచ్చి పడ్త. పట్టంగనే బరువైతది. పైకి గుంజి చూసిన, రాడు. ఇడువనీకి వశమైతలే. చేతులొణికితే రింగుకు కట్టి పోత. పొద్దుగాల వస్తే వదులుగుంటది. మల్ల మాపటికి..." ముసలాయన మాట ఆగింది. మోచేతులు కొట్టుకుంటున్నాయి. "డెబ్బై నాలుగొచ్చినయ్ నాకు. రేపు నేను లేకుంటే ఎవరు పడ్తరు?"

లచ్చయ్య ఎందుకు అందుకున్నాడో అతనికే తెలియదు. తాడు జారిపోబోతున్నట్టు అనిపించి, ఆలోచించకుండా అందుకున్నాడట. నలభై ఏళ్ల పని అలవాటు.

బరువుంది.

"సిమెంటు బస్తా బరువు నాకెరుక. ఇసుక తట్ట బరువు ఎరుక. ఇది గది గాదు. ఊగుతున్నది సారూ. మనిషి కాలు సర్దుకుంటే తాడు ఎట్ల ఊగుతదో... అట్ల."

పైకి లాగాలనుకున్నాడు. తరువాత గోడ అంచు మీద ఆ సున్నం పని చేతికి తగిలింది. తెగిపోయిన చోటు.

"నాయినా," అన్నాడు మెల్లగా. "పని అయిపోయింది. దిగుదువు తియ్యి."

వదలడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి తరువాత ఒక చెయ్యి. జానెడు... జానెడు. ఇస్రాయేలు గోడ మీద చేతులు పెట్టి కిందికి చూస్తూ, పాత పనివాళ్లలాగా గొణుగుతున్నాడు — "ఇడువు... ఇడువు... పట్టు... ఇడువు."

అప్పుడే నవనీత టార్చి పట్టుకుని పైకి వచ్చింది. తాత ఇంకా దిగలేదని వచ్చింది. చూసి, సందు దగ్గరే నిలబడిపోయింది.

లచ్చయ్య అరచేతులు మండుతున్నాయి. చెమట కళ్లలోకి కారుతోంది. ఎంతసేపు వదిలాడో తెలియదు. ఉన్నట్టుండి తాడు ఒకసారి అదిరింది, బావిలో చేద నీళ్లకు తాకినట్టు.

బరువు పోయింది. తాడు చేతుల్లో మెత్తగా వేలాడింది.

ముసలాయన అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. లచ్చయ్య పక్కన కూర్చున్నాడు. నూకలేదు. ఓదార్చనూ లేదు.

ఇంతవరకు లచ్చయ్య చెప్పింది.

ఆ తరువాత ఆదివారం పూజ అయ్యాక ఇస్రాయేలు మైకు ముందు నిలబడి, అందరూ వినేలా ఆ తల ఊపిన సంగతి చెప్పాడు. ఇప్పటి ఫాదర్ పాత దఫ్తరు తెప్పించి, ఆ మాట కొట్టేసి, పక్కన "పని చేస్తూ చనిపోయాడు" అని రాసి సంతకం పెట్టాడు. లచ్చయ్య దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపిస్తున్నాడు. గుడి మీద తెల్లటి ఆకారం మళ్లీ ఎవరికీ కనపడలేదు. మెహమూద్ బెంచీలు గుడి వైపు తిప్పాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నా గుణం చెప్పాను కదా.

ముందు నవనీతను పట్టుకున్నాను. ఆ మూలకు ఎందుకు పోనిచ్చేదానివి కాదని అడిగాను. "తాత జపం చేసుకునే జాగా అనుకున్న సార్. ఎవరు చూడొద్దని ఒట్టు పెట్టించుకున్నడు. ఆ చీకట్ల నాక్కూడ భయమే," అంది. ఆ రోజు ఏం చూశావని అడిగాను.

"లచ్చయ్య తాత తాడు ఇడుస్తుండె."

"ఎంతసేపు?"

"పరలోక జపం రెండుసార్లు చదువుకున్న. అప్పటికీ ఇడుస్తనే ఉండె."

ముగ్గురూ కలిసి ఒక మాట అనుకోవచ్చు. నేను కోర్టుల్లో అట్లాంటి సాక్షులను చాలామందిని చూశాను.

మర్నాడు మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, ఐదుచోట్ల కూర్చుని, నూట పన్నెండు మెట్లూ ఎక్కాను. తాడు రింగుకు అట్లాగే కట్టి ఉంది. ఇస్రాయేలు చూపించాడు. అది ఆనాటి తాడేనట. గాలయ్య నడుము దగ్గర కోసి తీసేశాక మిగిలిన దాంట్లోంచి ఒక ముక్క దాచుకున్నాడు, ఆముదం రాస్తూ కాపాడుకున్నాడు. ఇంకో తాడు లేదు. గోపురమంతా వెతికాను.

టేపు తీశాను. తాడు పన్నెండడుగులు. ముడులు విప్పించి మళ్లీ కొలిచాను. పన్నెండడుగుల మూడంగుళాలు.

పిట్టగోడ నుంచి టేపు జారవిడిచి నేల దాకా కొలిపించాను. యాభై ఎనిమిది అడుగులు.

దిగివచ్చి లచ్చయ్యకు చెప్పాను. అతను హోటల్లో కూర్చుని అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. తాడు ఒరిసిన ఎర్రటి చారలు ఇంకా మానలేదు.

"పన్నెండడుగుల తాడు లచ్చయ్యా," అన్నాను. "రెండు బారలు వదిలితే అయిపోతది. నువ్వు అంతసేపు ఏం వదిలినవు?"

అతను నా వైపు చూడలేదు. గోడ అడుగున, వాళ్ల నాయిన పడ్డ చోటు వైపు చూస్తున్నాడు.

"నీ టేపు నువ్వే పెట్టుకో సారూ," అన్నాడు. "నాయిన కాళ్లు నేలకు ఆనినంకనే ఇడిసిన."